పుత్తూరామె

ఈమధ్య మణికట్టు విరిగి పుత్తూరులో కట్టు వేయించుకుంటుంటే, ఆకు పసరులో కలిపిన కోడిగుడ్డు నీచువాసన మధ్య ఆ ఊరి పేరే నన్ను తొంభైల నాటి మా పాకాల వీధికి లాక్కుపోయింది.

మా పక్కింటి కోడలిని అందరూ పుత్తూరామె అనేవాళ్ళు. విరిగిన ఎముకలకు పుత్తూరు కట్టు గురించి విని, ఎముకలు సరిచేసేవాళ్ళను అలా పిలుస్తారేమో అనుకున్నాను. జామచెట్టు మీంచి పడి చెయ్యి బెణికితే ఏడుస్తూ ఆమె దగ్గరికే పరుగెత్తాను.

"కట్టు కట్టు పుత్తూరక్కా!"

రోట్లో పిండి రుబ్బుతున్న ఆమెకు ఒళ్ళు మండింది.

"కట్టు కట్టేది నాకు యాడ తెలుసు పాపా? పుత్తూరు మా ఊరు. నాకూ ఒక పేరుండాది!"

"ఏం పేరు?"

ఆమె చేతికంటిన పిండి విదిల్చి, పైట సర్దుకుని, చెప్పబోయింది. అంతలో లోపలి నుంచి అత్త కేకేసింది.

"ఏమే పుత్తూరుదానా, పిండి అయిందా ల్యాదా?"

ఆమె మళ్ళీ పొత్రం పట్టుకుంది.

ఆమె పోయి చాలా ఏళ్ళయింది. పేరేమిటని అడిగితే మా అమ్మ కూడా "పుత్తూరామే కదా" అంటుంది. ఒక మనిషి పేరు తెలుసుకోవడం ఇంత కష్టమా!

కట్టు కడుతున్న పెద్దాయన పుట్టి పెరిగింది పుత్తూరులోనేనట. ఆశగా ఆమె ఆనవాళ్ళన్నీ చెప్పి పేరడిగాను.

"ఆయమ్మ తెలీకేమి?" అన్నాడాయన. "పాకాలామె!"