నగోయా సబ్‌వేలో అమ్మ సైగ

మా చిన్నప్పుడు... నగోయాలో సబ్‌వే ఎక్కగానే మా అమ్మ నోటికి తాళం పడేది. ఇది సామాన్యమైన విషయం కాదు. బెజవాడలో మా అమ్మ వీధి గుమ్మంలో మాట్లాడితే పెరట్లో గిన్నెలు కదిలేవి.

నాన్న ఒక కార్ల కంపెనీలో డిజైన్ పని మీద జపాన్ వెళ్లారు. వెనకాలే అమ్మా, ఏడేళ్ల నేనూ వెళ్లాం. అక్కడ భూమి కింద పరిగెత్తే రైల్లో ఎవరూ మాట్లాడరు... ఫోను మోగదు... దగ్గొచ్చినా క్షమాపణ చెప్పుకుంటున్నట్టు దగ్గుతారు.

మొదటి రోజే అమ్మ నిండు పెట్టెలో, "ఏమండీ, కుక్కర్ కింద గ్యాస్ కట్టేశానా?" అంది. పెట్టె పెట్టంతా తల దించుకుంది. నాన్న కూడా.

ఆ రోజు మా ఇంట్లో ఒక కొత్త భాష పుట్టింది. చెవి పట్టుకుంటే 'మెల్లగా'. ఒళ్లో అరచేత్తో తట్టుకుంటే 'సీటు దొరికింది, హాయిగా ఉన్నాను, బెంగపడకు'. ఒక వేలు చూపించి అరచెయ్యి కిందికి దించితే 'వచ్చే స్టేషన్లో దిగు'. ఇంత గొప్ప భాషకి ప్రపంచం మొత్తమ్మీద మాట్లాడేవాళ్లం ముగ్గురం.

స్టేషన్లో తెల్ల గ్లవుజుల ఉద్యోగి ఒకాయన, ప్రతి రైలుకీ వేలెత్తి చూపించి, అంతా సవ్యంగా ఉందని తనకి తనే పైకి చెప్పుకునేవాడు. నేను ఇంట్లో పాలగిన్నెకి అలాగే వేలు చూపించి చెప్పేవాణ్ణి. పాలు పొంగిపోయేవి. పద్ధతిలో లోపం లేదు... పాలకే క్రమశిక్షణ లేదు.

ఒక మధ్యాహ్నం ఫుషిమి స్టేషన్లో అమ్మ చేతిలో సంచి తెగింది. ఉల్లిపాయలు ప్లాట్‌ఫారం నిండా దొర్లాయి. ముక్కూ మొహం తెలియనివాళ్లు చప్పుడు లేకుండా వంగి ఏరి ఇస్తున్నారు. ఈలోగా రైలొచ్చింది. అలవాటుగా నేను ఎక్కేశాను. తలుపులు మూసుకున్నాయి.

నేను లోపల. అద్దానికి అవతల అమ్మ, చేతిలో ఒక ఉల్లిపాయ.

అరవడానికి నోరు తెరిచింది... మూసేసింది. ఒక వేలు చూపించింది. అరచెయ్యి కిందికి దించింది. తర్వాత ఆ చెయ్యి తన గుండె మీద పెట్టుకుని నా వైపు చాపింది. ఈ చివరిది మా భాషలో అంతకుముందు లేదు. అయినా అర్థమైంది... అక్కడే ఉండు, నేనొస్తాను.

సకాయె స్టేషన్లో దిగి స్తంభం పక్కన నిలబడ్డాను. ఏడవలేదు. ఎందుకో ఏమీ అనిపించలేదు. వెనక రైల్లో అమ్మ దిగింది, ఉల్లిపాయలు కొంగులో మూటగట్టుకుని. వస్తూనే నా చెవి పట్టుకుంది. 'మెల్లగా' అంటోందనుకున్నాను. కాదు, మెలిపెట్టింది.

ఇప్పుడు నేను కిచెనర్ అనే ఊళ్లో ఉంటున్నాను. బెజవాడ కోచింగ్ సెంటర్లన్నీ మూకుమ్మడిగా విమానం ఎక్కినట్టు అందరూ కెనడా వచ్చారే, ఆ ఏడాది వచ్చిన సరుకు నేను. చదువు అయిపోయింది. రోజూ పొద్దున్నే బస్సెక్కి, పక్కనే కేంబ్రిడ్జ్ అని ఇంకో ఊరుంటే అక్కడికి వెళ్తాను. మా పెద్దమ్మ ఊరంతా "మావాడు కేంబ్రిడ్జ్" అని చెప్పుకుంటోంది. అబద్ధమేమీ కాదు. అక్కడొక గోడౌన్లో డబ్బాలు సర్దుతాను.

బస్సు నిండా మనవాళ్లే. అందరూ ఇళ్లకి ఫోన్లే. నేనొక్కణ్ణే మాట్లాడను... నగోయా అలవాటు. బెజవాడ నుంచి అమ్మ వీడియో కాల్ చేస్తుంది, ఇద్దరం సైగలు చేసుకుంటాం. పక్కనుంచి నా రూమ్మేట్, వరంగల్ శ్రీకాంత్ గోల.

"అరేయ్ జపాన్, ఒక్క మాటన్న మాట్లాడరాదురా ఆంటీతోని! గవర్నమెంట్ ఏమన్న ట్యాక్స్ వేస్తదా?"

నేను చెవి పట్టుకుంటాను. వాడు నా ఫోన్లోకి దూరతాడు.

"నమస్తే ఆంటీ! మీవోడు మస్తుగున్నడు!"

నేను ఒళ్లో తట్టుకుంటాను... సీటు దొరికింది, హాయిగా ఉన్నాను. రోజూ ఇదే.

పోయిన వారం, ఉద్యోగం ఇస్తామన్న ఆఫీసువాళ్లు ఇక కుదరదన్నారు. ఎండాకాలం వచ్చేసరికి నా వర్క్ పర్మిట్ అయిపోతుంది. ఉండటానికి ఇంకో దారి కనపడలేదు. అమ్మకి చెప్పలేదు. బాధపడదామని కాసేపు కూర్చున్నాను కూడా... రాలేదు. బూట్లోకి మంచునీళ్లు వెళ్లాయన్నదే ఎక్కువ తెలిసింది.

మర్నాడు బస్సు కిటకిట. ఒక చెయ్యి కమ్మీకి, ఒక చెయ్యి ఫోనుకి. అమ్మ కనపడింది. తట్టుకుందామంటే చెయ్యి ఖాళీ లేదు. ఆ మాటకొస్తే, నిలబడ్డ మనిషికి ఒడే ఉండదు.

అమ్మ చూసింది. చాలాసేపు చూసింది. వెనక కుక్కర్ ఆవిరి కక్కుతోంది, తిరగలేదు.

ఒక వేలు చూపించింది. అరచెయ్యి కిందికి దించింది. గుండె మీద పెట్టుకుని నా వైపు చాపింది.

"ఏమంటున్నది రా ఆంటీ?" అన్నాడు శ్రీకాంత్.

"దిగమంటోంది."

ఆ బస్సులో నేను మాట్లాడిన మొదటి మాట అదే.

"యాడ దిగుతవ్ రా? గోడౌన్ ఇంక దూరమున్నది గద!"

బస్సు ఆపమనే బటన్ నొక్కాను. పేరు కూడా తెలియని స్టాపులో, మంచులో దిగాను. శ్రీకాంత్ అద్దానికి మొహం ఆనించి ఏదో అరుస్తూ వెళ్లిపోయాడు. చేతిలో ఫోను ఇంకా వెలుగుతోంది. అందులో అమ్మ ఉంది.

అప్పుడు వెనక రైల్లోనే అమ్మ వచ్చేసింది... ఇక్కడ వెనక బస్సు ఎప్పుడో వస్తుంది, వచ్చినా అందులో అమ్మ ఉండదు. ఈసారి నేనే అమ్మ దగ్గరికి వెళ్లాలి కాబోలు.

మీ ఇళ్లలో కూడా నోరు మెదపకుండా చెప్పుకునే సైగలు ఉండేవా... ఉంటే కింద రాయండి. స్తంభం పక్కనే నిలబడి ఉన్నాను, చదువుతాను.