వంతెన మీద వణికిన హ్యాండిల్

బోడసకుర్రు వంతెన సగానికి వచ్చాక హ్యాండిల్ నా మాట వినడం మానేసింది. ముందు అరచేతుల్లో జివ్వుమంది. గాలి అనుకున్నాను, వైనతేయ గోదావరి పాయ మీద గాలి ఎప్పుడూ ఉండేదే. స్పీడు తగ్గిద్దామని యాక్సిలరేటర్ వదిలాను. వదిలానో లేదో హ్యాండిల్ కుడికీ ఎడమకీ కొట్టుకోవడం మొదలుపెట్టింది. పలుపు పట్టుకుంటే తల విదిలించే పెయ్యలాగ, నేను ఎంత గట్టిగా పట్టుకుంటే అది అంత గట్టిగా విదిలించింది. వెనక కూర్చున్న మా ఆవిడ వేళ్ళు నా నడుములో దిగాయి. బండి రెయిలింగు వైపు పోయింది, మళ్ళీ రోడ్డు మధ్యకి వచ్చింది. అలాంటప్పుడు దేవుడు గుర్తుకొస్తాడంటారు. నాకు ఎవరూ గుర్తుకు రాలేదు. "ఇదేంటి, ఇదేంటి" అనుకోవడం ఒక్కటే జ్ఞాపకం.

నేను ఆపాననడం అబద్ధం. స్పీడు తగ్గాక అదే ఊరుకుంది. వంతెన చివర రోడ్డు పక్కన బండి నిలబెట్టాను. మా ఆవిడ దిగింది, హెల్మెట్ తీసింది, పైటకొంగుతో మొహం తుడుచుకుంది.

"మీరు పదండి. నేను బస్సులో వస్తాను" అంది.

తిట్టలేదు, ఏడవలేదు. కోపం వస్తే వీధి వీధంతా వినేలా మాట్లాడే మనిషి అలా నోరు మూసుకునేసరికి ఎంత భయపడిందో నాకు అర్థమయింది. తనని బస్సు ఎక్కించి, ఎడ్లబండి నడకలో, ఇంటికి చేరాను.

నేను మలికిపురం దగ్గర ఒక హైస్కూల్లో సైన్సు మాస్టారిని. నలభై దాటాక స్పోర్ట్స్ బైకు కొన్నాను. ఎందుకు కొన్నావని అడిగితే చిన్నప్పటి కోరిక అంటాను. ఆ బండి మీద ముందుకి వంగి, గడ్డం ట్యాంకుకి ఆనేలా కూర్చోవాలి. "మాస్టారు అందరికీ వంగి వంగి దణ్ణాలు పెట్టుకుంటూ వస్తన్నారండోయ్" అని ఊళ్ళోవాళ్ళు నవ్వేవారు. నేనూ నవ్వేవాణ్ణి. నవ్వనిది మా నాన్నగారు ఒక్కరే.

నాన్నగారు కొబ్బరి రైతు. బండి ఇంటికి తెచ్చిన రోజు వరండాలో కూర్చుని దాని వంక ఒక్కసారి చూసి, "నా కళ్ళబడకుండా పాకలో పెట్టు" అన్నారు. ఆ మాటకి కారణం ఉంది. మా బాబాయి పెళ్ళయిన ఏడాదే అంబాజీపేట రోడ్డులో మోటారు సైకిలు మీంచి పడి చనిపోయాడు. కబురు అందుకుని వెళ్ళి, తమ్ముణ్ణి ఒళ్ళో పెట్టుకుని ఇంటికి తెచ్చింది నాన్నగారే. ఆ తరవాత ఆయన మోటారు సైకిలు ఎక్కలేదు. బస్సు, ఆటో, లేకపోతే కాలినడక. నా బండంటే ఆయనకి అసహ్యమని నేను పూర్తిగా నమ్మాను. ఆయన దాని దగ్గరికి వెళ్ళడం ఎప్పుడూ చూడలేదు.

అందుకని వంతెన సంగతి ఆయన చెవిన పడకూడదని నేనూ మా ఆవిడా అనుకున్నాం. ఇంకో సంగతి మా ఆవిడ ఒక్కతే నిర్ణయించింది. ఆ హ్యాండిల్ ఎందుకు ఊగిందో తెలిసేదాకా తను ఆ బండి ఎక్కదు, నన్ను రోడ్డు ఎక్కనివ్వదు. తెలియకపోతే అమ్మేయాలి. "ఏదో అయింది, ఇంక అవ్వదులే" లాంటి మాటలు తన దగ్గర చెల్లవని కూడా ముందే చెప్పేసింది.

మెకానిక్కుని పిలిపించాను. అతను బండి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, ముందు టైరుని కాలితో తన్ని, స్పీడు తగ్గించుకోండి మాస్టారూ, అన్నీ సర్దుకుంటాయి అన్నాడు. పన్ను నొప్పి అంటే నమలడం మానెయ్యమన్నట్టుంది. నాకు ఒళ్ళు మండింది. పెద్ద సర్వీసు సెంటరుకి వెళ్దామంటే అది రాజమండ్రిలో ఉంది. అంత దూరం ఆ బండి మీద వెళ్ళగలిగితే ఇంక సర్వీసెందుకు? ఏటా పిల్లలకి జడత్వం పాఠం చెప్పేవాణ్ణి, నా బండి సంగతి నేనే తేల్చుకుంటానని పంతం పట్టాను. పాకలో గోనెసంచులు పరిచి, రెంచీల పెట్టె తెచ్చుకుని కూర్చున్నాను.

మొదట టైర్లు చూశాను. ముందు టైరులో గాలి ఉండవలసినదానికంటే బాగా తక్కువుంది. ఇదేరా అని ఎగిరి గంతేశాను. గాలి పట్టి, ఇంటికి కనిపించేంత దూరంలోనే తిప్పాలన్న మా ఆవిడ షరతు మీద, కాలవగట్టు రోడ్డులో ఒంటరిగా తిప్పి చూశాను. కొంచెం వేగం అందుకోగానే చేతుల్లో అదే జివ్వు. తరవాత చైను సంగతి చూస్తే, ఎప్పుడో బిగించినప్పుడు వెనక చక్రం ఒక పక్క ఎక్కువా ఒక పక్క తక్కువా జరిగి వాలుగా కూర్చుంది. ఇరుసుకి రెండు వైపులా ఉండే కొలత గీతలు సమంగా వచ్చేలా సరిచేశాను. కొంత నయమనిపించింది గాని జబ్బు పోలేదు. చక్రాల బేరింగులు చేత్తో ఊపి చూస్తే గట్టిగానే ఉన్నాయి. ఫోన్లో వీడియోలు చూడడం, పాకలోకి పరిగెత్తడం, నల్లటి చేతులతో అన్నానికి రావడం. మా ఆవిడ వడ్డిస్తూ అడిగేది ఒక్కటే, తెలిసిందా అని.

మిగిలింది హ్యాండిల్ తిరిగే కీలు. బండికి మెడ లాంటిది. చాసిస్ ముందు భాగంలో ఒక గొట్టం ఉంటుంది. దానికి పైనా కిందా రెండు ఉక్కు గిన్నెలు, వాటిలో గుండ్లు. కోన్‌సెట్ అంటారు. హ్యాండిలూ ముందు చక్రమూ తిరిగేది ఆ గుండ్ల మీదే. అది బాగుందో లేదో చూడాలంటే ముందు చక్రం గాలిలోకి లేవాలి. ఆ బండికి మధ్య స్టాండు లేదు. పాకలో కొబ్బరి దూలానికి మోకు వేసి, బండి ముందు భాగాన్ని కట్టి లేపాను. చక్రాన్ని మెల్లగా ఒక పక్కనుంచి ఇంకో పక్కకి తిప్పితే, సరిగ్గా మధ్యకి వచ్చేసరికి గుంటలో పడ్డట్టు టక్కున ఆగింది. మళ్ళీ తిప్పాను, అక్కడే ఆగింది. దొంగ దొరికాడని గట్టిగా పైకే అన్నాను.

విప్పడానికి ఒక పూట పట్టింది. పై నట్టు తీసి, హ్యాండిల్ పక్కకి వాల్చి, ముందు చక్రం షాకబ్జార్బర్లు లాగి, కింది ముక్క దింపేసరికి గుండ్లు గోనెసంచి మీదికి రాలాయి. అద్దాల్లా మెరవాల్సినవి ఇటుక రంగులో ఉన్నాయి. కొన్నయితే గుండ్రంగా కూడా లేవు. పై గిన్నెలో గ్రీజు ఆనవాలే లేదు. దాని బదులు బెల్లం పాకంలా గోధుమరంగు జిగురు. వేలితో తీసి వాసన చూశాను. పుల్లటి కంపు కొట్టింది, కడగని కల్లుకుండలా.

నాకు మతి పోయింది. రోడ్డు మీది నీళ్ళు, బురద అయితే ముందు కింది గిన్నె పాడవ్వాలి, చక్రం చిమ్మేది దానికే కాబట్టి. ఇక్కడ పై గిన్నే బాగా కుళ్ళింది. అంటే ఈ నీళ్ళు పైనుంచి వచ్చాయి. మా వైపు కుర్రాళ్ళలా నేను బండిని కాలవ రేవులోకి దింపి గేదెని తోమినట్టు తోమను, తడిగుడ్డతో తుడుస్తానంతే. రొయ్యల చెరువుల ఉప్పుగాలి అనుకుందామంటే ఉప్పుగాలికి జిగురెక్కడిది? ఆ జిగురులో సన్నటి పోగు ఒకటి కనిపించింది. కొబ్బరి పీచు. దాన్ని గోటి మీద పెట్టుకుని వెలుతురులోకి పట్టి చూశాను.

మా ఆవిడ మజ్జిగ తీసుకొచ్చింది. చూపించాను. ఆశ్చర్యపోతుందనుకుంటే, చాలా మామూలుగా చెప్పింది.

"శుక్రవారం కాయదై ఉంటుందండి."

"ఏ శుక్రవారం?"

"ప్రతి శుక్రవారమూనండి. మీరు లేవకముందే మావయ్యగారు బండికి కాయ కొట్టి, నీళ్ళు హ్యాండిల్ మీద పోసేసి, చెక్కలు నాకిస్తారు కదా. మీకు తెలుసనుకున్నాను."

మజ్జిగ గ్లాసు కింద పెట్టేశాను. శుక్రవారం మా ఇంట్లో ఇడ్లీలోకి కొబ్బరి పచ్చడి. కోనసీమలో ఇవాళ కొబ్బరి పచ్చడెందుకు చేశావని పెళ్ళాన్ని అడిగే మొగుడు ఎక్కడా ఉండడు. బండి వచ్చినప్పట్నుంచీ ఆ చెక్కల పచ్చడే లొట్టలేసుకుంటూ తింటున్నానన్నమాట. కొత్త బండికి ఒకసారి కాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించడం అందరూ చేసేదే. వారం వారమా? అదీ బండి తన కళ్ళబడకూడదన్న మనిషా? నమ్మడానికి నాకు చాలాసేపు పట్టింది.

నమ్మగానే కోపం వచ్చింది. నా ముక్కు మీద అది ఎప్పుడూ సిద్ధంగానే ఉంటుంది. తుప్పు గిన్నె కొట్టి ఊడదీసి, గుడ్డలో చుట్టుకుని విసవిసా తోటలోకి వెళ్ళాను. చెట్ల నుంచి దింపిన కాయల రాశి పక్కన నాన్నగారు నేలలో పాతిన గునపానికి కాయ గుచ్చి పీచు వలుస్తున్నారు. గిన్నె ఆయన ముందు పెట్టాను. ఇది హ్యాండిల్ తిరిగే చోట ఉండేదని, మీరు పోసిన కొబ్బరినీళ్ళు దిగి కుళ్ళిపోయిందని, అందువల్లే మొన్న వంతెన మీద బండి ఊగి చావు తప్పిందని గుక్క తిప్పుకోకుండా చెప్పేశాను. ఏ మాట దాచాలనుకున్నామో ఆ మాట కూడా దాంతోపాటే వచ్చేసింది.

నాన్నగారి చేతిలో కాయ గునపం మీదే ఉండిపోయింది.

"ఏ ఒంతెన?" అన్నారు.

"బోడసకుర్రు వంతెనండి."

"అమ్మాయి ఉందా ఎనకాల?"

"ఉందండి."

ఆయన పీచు కుప్ప మీద కూలబడ్డారు. గిన్నె చేతిలోకి తీసుకుని బొటనవేలితో లోపల రాశారు. తుప్పు వేలికి అంటుకుంది. నా కోపం ఏమయిందో నాకే తెలియలేదు. ఆయన మొహంలో నెత్తుటిచుక్క లేదు. డెబ్బై దాటిన మనిషిని, నా తండ్రిని, అలా చూస్తానని నేనెప్పుడూ అనుకోలేదు.

"చక్రానికి పొయ్యమంటారు అందరూ. చక్రానికి పోస్తే నేలపాలవుతాయని, తలమీద పోస్తే బండంతా తడుస్తుందని నేనే పైన పోసేను. వారం తప్పలేదు. జ్వరమొచ్చినప్పుడు కూడా లేచి కొట్టేను" అన్నారు. "కాపాడమనే పోసేన్రా. నేనే తోసేసేవోణ్ణి మిమ్మల్ని."

ఆ రోజు పడకుండా నిలబెట్టింది ఆ కాయలేనేమో అని ఏదో సర్దబోయాను. చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పకు అని ఆపేశారు.

అమలాపురం వెళ్ళి కొత్త కోన్‌సెట్ తెచ్చాను. గొట్టంలో మిగిలిన పాత గిన్నెని పొడుగాటి ఇనప కడ్డీతో కొట్టి ఊడదీశాను. కొత్తవి చల్లబడితే కాస్త ముడుచుకుని సులువుగా దిగుతాయని ఫ్రిజ్‌లో పెట్టాను. కొబ్బరి కోరు పక్కన ఇనప సామాను చూసి కూడా మా ఆవిడ ఏమీ అనలేదు. పాత గిన్నెని కొత్తదాని మీద బోర్లించి, సుత్తితో చుట్టూ కొద్దికొద్దిగా కొట్టి దించాను. గ్రీజు నిండుగా పెట్టి గుండ్లు పేర్చాను. కష్టమైనది బిగింపు. ఎక్కువ బిగిస్తే హ్యాండిల్ తిరగనని మొరాయిస్తుంది, వదిలేస్తే మళ్ళీ మొదటికొస్తుంది. బిగించి, ఒక పిసరు వదిలి, మళ్ళీ చూసి, చివరికి వేలితో ముట్టుకుంటే చాలు చక్రం ఏ వైపుకైనా ఎక్కడా ఆగకుండా తనంతట తనే వాలేలా కుదిర్చాను.

ఇదంతా నాన్నగారు పాక గుంజకి ఆనుకుని చూశారు. పిలవకుండానే వచ్చారు. అంతా అయ్యాక ముందుకి వచ్చి, వేలాడుతున్న చక్రాన్ని ఒక వేలితో తోసి చూశారు.

"ఇంక ఊగదా?" అని అడిగారు.

"ఊగకూడదండి" అన్నాను. అది సైన్సు మాస్టారి జవాబు. ఆయనకి నచ్చలేదు.

మర్నాడు ఉదయం కాలవగట్టు మీద తిప్పి చూశాను. చేతుల్లో జివ్వు లేదు. కాని అక్కడి వేగం వేరు, వంతెన మీది వేగం వేరు. తిరిగొచ్చేసరికి నాన్నగారు పంచె పైకి ఎగ్గట్టి వాకిట్లో నిలబడి ఉన్నారు. మా ఆవిడ హెల్మెట్ ఆయన చేతిలో ఉంది.

"పద, ఒంతెన మీదికి. ఆ రోజు ఎంత స్పీడులో ఊగిందో అంత స్పీడులో పోనీ. ఎనకాల నేను కూర్చుంటాను" అన్నారు.

బాబాయి పోయిన తరవాత ఆయన మోటారు సైకిలు వైపు కాలెత్తిన మనిషి కాదు. మా ఆవిడ గుమ్మంలోంచి దిగి వచ్చి, వద్దండి మావయ్యగారూ అని బతిమాలింది.

"ఊగితే నేనున్నప్పుడే ఊగాలమ్మా. నువ్వున్నప్పుడు కాదు" అన్నారు.

తలకి చుట్టిన తువ్వాలు మీదే హెల్మెట్ పెట్టుకోబోతుంటే మా ఆవిడే తువ్వాలు తీసి, హెల్మెట్ సరిగ్గా పెట్టి గడ్డం కింద పట్టీ బిగించింది. వెనక సీటు ఎత్తు కదా, అరుగు పక్కన నిలబెడితే అరుగు మీంచి ఎక్కారు. ఎక్కి నా రెండు భుజాలూ పట్టుకున్నారు.

వంతెన ఎక్కాం. గాలి ఆ రోజులాగే ఉంది. ఎదురుగా ఏమీ రావడం లేదు. వేగం పెంచాను. సగానికి వచ్చేసరికి బండి ఆ రోజు అందుకున్న వేగమే అందుకుంది. ఆ రోజులాగే యాక్సిలరేటర్ వదిలాను.

వణుకు మొదలయింది.

అన్నీ చేశాను కదా, ఏం మిగిలిపోయింది, బుద్ధిలేక ఈయన్ని ఎందుకు ఎక్కించాను అనుకుంటూ హ్యాండిల్ వంక చూశాను. అది నిలకడగా ఉంది. అద్దాల్లో వంతెన చెదరకుండా కనిపిస్తోంది. అరచేతుల్లో ఏమీ తెలియడం లేదు. వణుకుతున్నది నా భుజాలు. వాటిని పట్టుకున్న నాన్నగారి చేతులు.

"ఊగడం లేదండీ, ఆపమంటారా?" అని అరిచాను.

"ఒద్దు. ఒంతెనంతా పోనీ" అన్నారు.

అవతలి గట్టు చేరేదాకా ఆ చేతులు వణుకుతూనే ఉన్నాయి.