బొత్తాం కాజా అంత గాటు

ఆ కుట్టు దుకాణంలో కత్తిరింపు బల్ల కిటికీ పక్కన ఉంటుంది. పొద్దుటి వెలుగు ముందు దాని మీద పరుచుకుని, ఆ తర్వాతే మిషన్ల దగ్గరికి వస్తుంది. అందుకే బల్ల దగ్గర నిలబడ్డ మనిషికి రోజు కాస్త ముందే మొదలవుతుంది. పెద్దకోడలు చాలా ఏళ్ళు ఆ వెలుగులో నిలబడింది.

కత్తిరించే మనిషి కుట్టకూడదు, కుట్టే మనిషి కత్తెర ముట్టకూడదు. బట్ట పాడైతే తప్పెవరిదో తెలియాలని అత్తగారు పెట్టిన పద్ధతి అది. ఆవిడ పోయినా పద్ధతి పోలేదు.

ఒకప్పుడు పెద్దకోడలికి వెన్నుపూసల మధ్య డిస్కు జారి, కాలు నిప్పు తీగలా లాగింది. ఆపరేషన్ చేశారు. అప్పటికి అక్కడ తెలిసింది ఒకటే పద్ధతి. వీపు జానెడు పొడవున తెరిచి, ఎముక మీది కండను ఒలిచి, లోపలికి వెళ్ళారు. ఆ గాయం మానేసరికి ఒక వానాకాలం మంచం మీదుగా వెళ్ళిపోయింది. ఆమె తిరిగొచ్చేసరికి కత్తెర తోటికోడలి చేతిలో ఉంది. బల్ల కాళ్ళు కూడా కోయించేసి ఉన్నాయి. చిన్నకోడలు పొట్టిది మరి.

"నువ్వు వంగలేవు కదక్కా, కూర్చుని కుట్టుకో," అంది చిన్నది. ఆ మాటలో ఉన్నది ప్రేమో సూదో పెద్దకోడలు నేటికీ తేల్చుకోలేదు.

ఈసారి చిన్నదానికి డిస్కు జారింది. అదే చోట, అదే కాలు. పెద్దకోడలు ఆమె బట్టలు సర్దింది, కళ్ళు తుడుచుకుంది, జాగ్రత్తలు చెప్పింది. మరిది ఆమెను ఆసుపత్రికి తీసుకెళ్ళగానే, ఇస్త్రీ అతన్ని పిలిచి బల్ల కాళ్ళ కింద ఇటుకలు పెట్టించింది.

"చిన్నమ్మగారికి అందదేమోనమ్మా," అన్నాడతను.

"ఆవిడ వచ్చేసరికి ఒక వానాకాలం పడుతుంది. నన్నడుగు, చెప్తాను."

ఎన్నాళ్ళకో వెలుగు మళ్ళీ ఆమె మణికట్టు మీదకి ఎక్కింది. ఒక సంగీతశాల కోసం మఖమల్ తెరలు కోస్తోంది. మఖమల్‌కి నూగు ఉంటుంది. అరచెయ్యి ఒకవైపు నిమిరితే వెన్నెల, ఎదురు నిమిరితే చీకటి. అన్ని తెరలూ ఒకే వాలులో కొయ్యాలి. కత్తెర పడవలా సాగుతోంది. సరిగ్గా అప్పుడు తలుపు తెరుచుకుంది.

చిన్నకోడలు. తన కాళ్ళ మీద తనే నడిచి వస్తోంది.

"ఏమే, ఆపరేషన్ చెయ్యలేదా?"

"మొన్న పొద్దున్నే చేసేశారక్కా. సాయంత్రానికి లేపి నడిపించారు. ఇవాళ ఇంటికి పొమ్మంటే నేరుగా ఇటే వచ్చాను."

"నీ గోల పడలేక అనుంటారు."

చిన్నది నవ్వింది. నవ్వితే నొప్పెట్టలేదు. పెద్దకోడలు అది కూడా గమనించింది.

"కండ కొయ్యలేదక్కా. దాని సందులోంచి సన్నటి గొట్టం దూర్చి, కెమెరాలో చూస్తూ, నరాన్ని నొక్కుతున్న ముక్క తీసేశారు. రక్తం కూడా ఎక్కువ పోలేదు. మెలకువొచ్చి చూస్తే కాలి లాగుడు లేదు. అందరి నడుముకీ ఇది కుదరదట, నాకు కుదిరింది."

"నీకెందుకు కుదరదు! ఏదీ, చూపించు."

గాజులాంటి ప్లాస్టరు కింద గాటు కనబడింది. చొక్కా బొత్తానికి తీసే కాజా అంత. పెద్దకోడలి చెయ్యి తెలియకుండానే తన వీపు వైపు వెళ్ళింది. అక్కడ ఉన్న మచ్చ పంట్లాము పక్క కుట్టులా పొడుగ్గా ఉంటుంది. తను పడ్డ బాధంతా పాత ఫ్యాషన్ అయిపోయినట్టు, పెట్టెలో అడుగుకి నెట్టేసినట్టు అనిపించింది. బట్ట తిప్పుకుని కోసేసింది.

చిన్నకోడలు ఆ ముక్క నిమిరింది. "అక్కా, ఇది తలకిందులైంది."

తెరల వరసలో ఆ ఒక్కటే చీకటిగా ఉంది. ఎవరు కోశారో అడగాల్సిన పనిలేదు. ఇక తన చేతిలోంచి కత్తెర పోయినట్టే అనుకుంది పెద్దకోడలు.

"దిండు గలీబులకి వాడదాంలే. బట్ట తాను ఇంకా ఉందిగా," అంది చిన్నది. తర్వాత ఆమె చూపు కిందికి దిగింది. "ఇటుకలేంటి?"

"నేనే పెట్టించాను. నీ పొట్టితనానికి నా నడుము బలి పెట్టాలా?"

చిన్నకోడలు బల్ల పక్కన నిలబడి చూసుకుంది. బల్ల అంచు ఆమె మోచేతికి వచ్చింది.

"కొన్ని వారాలు వంగొద్దన్నారు, బరువులెత్తొద్దన్నారు. ఎక్కువసేపు కూర్చోకూడదట కూడా. తర్వాత వచ్చినా ఈ ఎత్తే నాకు మంచిది. తియ్యకక్కా."

తన కోసం పెట్టుకున్న ఇటుకలు కూడా దానికే కలిసొచ్చాయి! పెద్దకోడలు కత్తెరని ఠక్కున బల్ల మీద పెట్టింది.

"అయితే వారాల తర్వాత కత్తెర నీదే అన్నమాట."

"ఇంకో కత్తెర కొందాం. బల్లకి రెండు వైపులున్నాయి కదా. కిటికీ వైపు నువ్వుండు."

"ఏ వైపన్నావు?"

"కిటికీ వైపు."

పెద్దకోడలు కొత్త ముక్క పరిచి, నూగు ఒకటికి రెండుసార్లు నిమిరి చూసుకుంది. కత్తెర అందుకుని, తలెత్తకుండా అడిగింది.

"వాన పడితే నాదానిలా ఆ గాటు కూడా సలుపుతుందా?"

"ఇంకా వాన పడలేదు కదక్కా."

"పడనీ," అంది పెద్దకోడలు, కిటికీలోంచి మబ్బుల వైపు ఆశగా చూస్తూ.