ప్రస్థానం పెట్టిన పసుప్పచ్చ బ్యాగు

మా ఇంట్లో జూన్ నెల వచ్చిందంటే చాలు, నా పరువు తీసే సభ ఒకటి మొదలవుతుంది. కొత్త పుస్తకాలకు అట్టలు వేస్తూ మా ఆవిడ స్రవంతి మొదలుపెడుతుంది, మా అమ్మ అందుకుంటుంది, ఇప్పుడు మూడో తరగతికి వచ్చిన మా అమ్మాయి హన్విక చప్పట్లు కొడుతుంది. బడికి పోవాల్సిన బ్యాగు బడికి తప్ప అన్ని చోట్లకూ పోయిన కథ అది. చుట్టాలొస్తే చెప్తారు. సిలిండర్ వేయడానికి వచ్చిన అతన్ని నిలబెట్టి మరీ చెప్పారు. ఎవరు చెప్పినా దోషిని మాత్రం నేనే. ఇన్నాళ్లూ ఓర్చుకున్నాను, ఇక నా వల్ల కాదు. జరిగింది జరిగినట్టు మీ ముందు పెడతాను, నిజంగా అంతా నా తప్పేనా, మీరే చెప్పండి.

మాకు మట్టెవాడలో స్టీలు సామాన్ల దుకాణం ఉంది. దుకాణం వెనకే ఇల్లు. అప్పటికి హన్వికకు నాలుగేళ్లు నిండాయి. అంతకుముందు ఏడాది వీధి చివరి ప్లేస్కూల్లో వేస్తే, గేటు పట్టుకొని అది ఏడ్చిన ఏడుపుకు, ఎవరికేమైందోనని పక్క వీధి జనం కూడా వచ్చి చూసిపోయారు. ఆయమ్మను కరిచింది కూడా. చివరికి ఆ ప్లేస్కూలు వాళ్లే "అన్నా, జర పెద్దగైనంక తీస్కరా, మాతోని గాదు" అని చేతులు జోడించారు. కాబట్టి ఈసారి హన్మకొండలో ఒక పెద్ద బడిలో ఎల్‌కేజీ సీటు దొరికినప్పుడు నాకున్న కోరిక ఒక్కటే: నా బిడ్డ ఏడవకుండా గేటు దాటాలి. ఒక తండ్రికి ఇది గొంతెమ్మ కోరికా, చెప్పండి?

దేవుడి దయ వల్ల దానికో మందు దొరికింది. పసుప్పచ్చ బ్యాగు. దాని మీద కుందేలు బొమ్మ, ఆ కుందేలుకు నిజంగా ఊగే చెవులు. కొన్న రోజు నుంచి హన్విక దాన్ని భుజానికి తగిలించుకునే అన్నం తినేది, పక్కలో వేసుకునే పడుకునేది. "డాడీ, నేను కుందేలును తీస్కొని బడికి పోతా" అని తనంతట తానే అన్నప్పుడు, నిజం చెప్పొద్దూ, నా కళ్లలో నీళ్లు తిరిగాయి.

సరిగ్గా అప్పుడే మా అమ్మ గోడ మీది క్యాలెండర్ దించి, కళ్లద్దాలు పెట్టుకొని, పిడుగులాంటి వార్త చెప్పింది.

"అరేయ్ సతీషా, బడి మంగళారం తెరుస్తాండ్రు! పసిపిల్లను మంగళారం నాడు కొత్తగ ఇల్లు కదిలిస్తరా ఎవలన్న? అండ్ల అష్టమి గూడ ఉంది."

"సర్కారోళ్లు పెట్టిన తారీకమ్మా. నేనేం జేస్త?"

"ఏం జేస్తవో నాకు ఎర్కలేదు. మంగళారం మాత్రం పిల్ల కదలద్దు."

లోపలి నుంచి స్రవంతి చపాతీల కర్రతో సహా వచ్చింది. "మొదటి రోజే బంద్ పెడితె ఇగ రోజూ బంద్ పెడతది. మంగళారమే పోవాలె."

ఇద్దరూ నన్ను చూశారు. అత్త ఒక చెయ్యి, కోడలు ఒక చెయ్యి పట్టుకొని లాగుతుంటే మధ్యలో ఉన్నవాడికి బుద్ధి పాదరసంలా పనిచేస్తుంది, లేదా పూర్తిగా ఆగిపోతుంది. నాది ఆ రోజు పాదరసం అనుకున్నాను.

"సోమారం పస్తానం పెడితె?" అన్నాను.

ఈ కాలం వాళ్లకు ప్రస్థానం అంటే తెలియకపోవచ్చు. మా తాత సరుకు కోసం దూరాలకు వెళ్లే రోజుల్లో ఇది మామూలే. ప్రయాణం రోజు మంచిది కాకపోతే, ముందే ఒక మంచి ఘడియ చూసుకొని మన సామానొకటి తీసుకెళ్లి పక్కింట్లో పెడతారు. దాంతో మన ప్రయాణం మొదలైనట్టే లెక్క. ఆ తర్వాత ఏ చెడ్డ రోజున కదిలినా దోషం అంటదు. అయితే ఒకటే షరతు. పెట్టిన సామాను మళ్లీ మన ఇంటి గడప తొక్కకూడదు, పోతూ పోతూ అటు నుంచి అటే పట్టుకుపోవాలి.

మా అమ్మ ముఖం వెలిగిపోయింది. "నా కొడుకు అనిపించినవ్ రా!" అన్నది. స్రవంతి "మీ ఇష్టమున్నట్టు చేస్కోండ్రి, పిల్ల మాత్రం మంగళారం బళ్లె ఉండాలె" అన్నది. అత్తాకోడళ్లు ఒకే మాటకు ఒప్పుకోవడం మా పెళ్లయ్యాక అదే మొదటిసారి. ఆ ఘనత నాదే కదా. ఛాతీ ఉబ్బింది, ఆ వెంటనే బుద్ధి మందగించింది.

సోమవారం పొద్దున బ్యాగొక్కటి తీసుకెళ్లి పెట్టి ఉంటే సరిపోయేది. కానీ నాకు అనుమానం వచ్చింది. బ్యాగు సరే, గడప దాటేవి కాళ్లు కదా? కాళ్లకుండేవి బూట్లు కదా? మరి ఒంటి మీది యూనిఫాం మాత్రం మంగళవారం బయల్దేరితే దానికి దోషం ఉండదా? ఎందుకైనా మంచిదని ఇస్త్రీ చేసిన యూనిఫాం, బూట్లు, సాక్సులు, టై, బెల్టు, లంచ్ బాక్సు అన్నీ ఆ బ్యాగులో కుక్కాను. పాపం, కుందేలు పొట్ట పగిలేలా అయింది. స్రవంతికి చెప్పలేదు. చెప్తే ఏమంటుందో నాకు తెలుసు. హన్వికకు మాత్రం, కుందేలు ఈ ఒక్క రాత్రి పక్కింట్లో పడుకొని పొద్దున మనతో బడికి వస్తుందని నచ్చజెప్పాను.

పక్కింటి వీరేశం అన్న బట్టల కొట్టు నడుపుతాడు. మంచివాడు, కాకపోతే ఒక మాట చెప్పడానికి గొంతు సవరించుకోవడానికే సగం రోజు పడుతుంది. ఆయనకూ, ఆయన భార్య సరోజనక్కకూ ప్రస్థానం నియమాలన్నీ నేనే పాఠం చెప్పాను.

"మంచి పని తమ్మీ," అన్నాడు వీరేశం అన్న. "కనీ మేము రేపొద్దుగాల..."

"మీకేం తిప్పలు లేదన్నా. రేపొద్దుగాల మేమే వచ్చి తీస్కపోతం."

"అది గాదు తమ్మీ, రేపు మేము..."

"ఫికర్ జెయ్యకు అన్నా! ఒక్కటే యాది పెట్టుకో. ఆకాశం ఇరిగి మీద పడ్డా సరే, ఈ బ్యాగు మా ఇంటి గడప తొక్కద్దు!"

సరోజనక్క కూడా "సతీషూ, జర ఇను..." అన్నది. "అక్కా, ఛాయ్ వద్దు, దుకాణం తెరవాలె" అని వచ్చేశాను. ఛాయ్ ఇస్తానని ఆమె అననేలేదని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది. ఆమెకు అన్నీ గుర్తుంటాయి.

మంగళవారం తెల్లారింది. సన్నగా వాన పడుతోంది. హన్విక లేస్తూనే "కుందేలు!" అంటూ చప్పట్లు కొట్టింది. ఏడుపు లేదు, పేచీ లేదు. స్నానం చేసింది, తల దువ్వించుకుంది. నా జన్మ ధన్యమైందనుకుంటుంటే బీరువా దగ్గర నుంచి కేక వినబడింది.

"ఏమండీ! యూనిఫాం ఏది?"

"పస్తానంల పోయింది," అన్నాను నెమ్మదిగా.

"బూట్లు?"

"అవి గూడ."

"మీకేమన్న దిమాక్ ఉందా? రెండో జత ఇంక టైలర్ కాడ్నే ఉన్నది! పోండ్రి, జల్ది తీస్కరాండ్రి!"

"తేవద్దు, పిల్లనే ఆడికి తీస్కపోయి తొడగాలె" అని నియమం గుర్తుచేస్తూ బయటికొచ్చాను. వీరేశం అన్న తలుపుకు తాళం వేలాడుతోంది. అరచేతి వెడల్పు ఇత్తడి తాళం. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. నాకు పంచాంగం వరమిచ్చినా పక్కింటి తాళం వరమివ్వలేదు.

ఫోన్ చేశాను.

"అన్నా, ఏడున్నవ్?"

"పాలకుర్తిల తమ్మీ. గుట్ట ఎక్కుతానం. మొక్కుండె."

"నా బ్యాగు?"

"నా భుజాన్నే ఉంది. గింత బరువేంది తమ్మీ, చిన్నపిల్ల ఎట్ల మోస్తది?"

పెళ్లికి పోతూ పిల్లిని చంకన పెట్టుకుపోయిన వాళ్ల గురించి విన్నాం. గుడికి పోతూ పక్కింటి పిల్ల కుందేలును భుజాన వేసుకుపోయిన మనిషిని మీరు విన్నారా? నేను అరిచేశాను.

"గదేందన్నా! ఇచ్చి పోవద్దా?"

"ఒర్రకు తమ్మీ. నిన్న చెప్పబోతె నువ్వు ఇంటివా? పొద్దుగాల ఇద్దామనే మీ ఇంటికొచ్చిన. మీ అమ్మ తలుపు తీసి గడపకాడ్నే ఆపింది. లోపటికి తేవద్దంటది. అరుగు మీద పెడదామంటె వాన పడవట్టె. 'మరి నీ ఎంబడే తీస్కపోయి, సోమన్న దేవుని కాడ పూజ జేయించుకొని తీస్కరా' అన్నది మీ అమ్మ."

నేను వెనక్కి తిరిగాను. నన్ను నవమాసాలు మోసి కన్న తల్లి తులసికోట దగ్గర ఏమీ ఎరగనట్టు, వాన చినుకులకు కొంగు అడ్డం పెట్టి దీపం సరిచేస్తోంది.

"అమ్మా! వీరేశం అన్న వచ్చిండా పొద్దుగాల?"

"వచ్చిండు. బ్యాగు గడప తొక్కద్దని నువ్వే అన్నవ్ గద. తొక్కనియ్యలే."

"నన్ను లేపరాదా?"

"ఎట్ల లేపుత? అప్పుడు వర్జ్యం నడుస్తాండె. వర్జ్యంల నిద్ర లేస్తె దినమంత ఆగమైతది."

"ఇప్పుడు అయ్యిందేందమ్మా మరి!"

"బట్టలు, బూట్లు గూడ అండ్ల ఏసినవని నాకేం ఎర్క? బ్యాగొక్కటే అనుకున్న. అంత తెలివి ఎవలు చెయ్యమన్నరు నిన్ను?"

మీరే చూడండి. తాళం వేసి పోయినవాడిది తప్పు కాదట, గడపలో ఆపినామెది తప్పు కాదట. అందరూ నియమం పాటించారట. ఆ నియమం చెప్పిన నేను దోషినట!

ఇంతలో హన్విక గుమ్మంలోకి వచ్చింది. తాళం వైపు చూసింది, నా ఖాళీ చేతుల వైపు చూసింది. కింది పెదవి బయటికొచ్చింది. ఆ పెదవి తర్వాత ఏమొస్తుందో ప్లేస్కూలు ఆయమ్మకు తెలుసు.

"కుందేలు ఏది డాడీ? కుందేలు లేకుంటె నేను బడికి పోను."

గబగబా వీరేశం అన్నకు వీడియో కాల్ చేశాను. తెరంతా కుందేలు ముఖం. నుదుటన ఇంత కుంకుమ బొట్టు, మెడలో బంతిపూల దండ, ఒక చెవికి విభూతి.

"సూడు బిడ్డా," అన్నది సరోజనక్క గొంతు, "నీకు మంచిగ చదువు రావాలని నీ కుందేలు దేవునికి మొక్కుతాంది."

హన్విక చాలాసేపు చూసింది. పెదవి మెల్లగా లోపలికి పోయింది. "అక్కా," అన్నాను ఫోన్లో, "నీ కాళ్లు మొక్కుత."

తర్వాత స్రవంతి నా వైపు చూడకుండా, పిల్లకు పుట్టినరోజు నాటి గులాబీ రంగు ఫ్రాకు తొడిగింది. కాళ్లకు జాతరలో కొన్న చెప్పులే మిగిలాయి, అడుగు వేస్తే కుయ్‌మని కూసేవి. లంచ్ బాక్సు కూడా పాలకుర్తిలోనే ఉంది కాబట్టి దుకాణంలో నుంచి కొత్త టిఫిన్ క్యారియర్ తెచ్చాను. నాలుగు గిన్నెలది. అంతకన్నా చిన్నది చేతికి అందలేదు.

బడికి చేరేసరికి ప్రార్థన జరుగుతోంది. వందలమంది పిల్లలు నీలం రంగు యూనిఫాంలో కళ్లు మూసుకొని నిశ్శబ్దంగా నిలబడ్డారు. ఆ నిశ్శబ్దంలో మా హన్విక కుయ్, కుయ్, కుయ్ అంటూ నడిచింది. వెనక నేను, శ్రాద్ధ భోజనం మోసుకొస్తున్నవాడిలా క్యారియర్‌తో. పిల్లలందరూ కళ్లు తెరిచారు.

ఎల్‌కేజీ మేడం ఆపింది. "సార్, యూనిఫాం లేదు, బ్యాగ్ లేదు. ఏంటి సార్ ఇది?"

అప్పటికే నా కడుపు మండుతోంది. "మేడం, మా పిల్లకు అన్నీ ఉన్నయి! నిన్ననే పస్తానం పెట్టినం. బ్యాగు బయల్దేరిందంటె పిల్ల బయల్దేరినట్టే లెక్క. ఆ లెక్కన మా పిల్ల అందరికన్న ముందుగాల నిన్ననే బడికి వచ్చింది!"

"మరి బ్యాగ్ ఎక్కడుంది సార్?"

"పాలకుర్తిల."

మేడం నన్ను వదిలేసి పిల్ల ముందు కూర్చుంది. "బ్యాగ్ ఏదమ్మా?"

"గుడికి పోయింది," అన్నది హన్విక గర్వంగా. "దండ గూడ ఏసుకుంది."

చుట్టూ ఉన్న పిల్లలు "గుడికా? బ్యాగా?" అని మూగారు. నా బిడ్డ వాళ్ల మధ్యలో కుయ్ కుయ్‌మంటూ లోపలికి వెళ్లిపోయింది. వెనక్కి కూడా చూడలేదు. ఏడవలేదు! గేటు బయట స్కూటర్ మీద కూర్చొని, నన్ను తిట్టినవాళ్లందరినీ మనసులోనే క్షమించాను. నాదే గెలుపు. కాదన్నవాళ్లకు చదువు రాదు.

ఆ గెలుపు ఒక్క రాత్రే నిలిచింది.

సాయంత్రం బ్యాగు ప్రసాదంతో సహా వచ్చి వీరేశం అన్న ఇంట్లోనే ఉంది. బుధవారం పొద్దున అక్కడే యూనిఫాం తొడిగాం, బూట్లు వేశాం, టై కట్టాం. వానలో కడిగిన ముత్యంలా ఉంది నా బిడ్డ. అమ్మ, స్రవంతి, వీరేశం అన్న, సరోజనక్క అందరూ సాగనంపడానికి నిలబడ్డారు. నేను స్కూటర్ స్టార్ట్ చేశాను. హన్విక బ్యాగు తెచ్చి నా కాళ్ల దగ్గర స్కూటర్ మీద నిలబెట్టింది. కుందేలు చెవులు సవరించింది. దానికి ముద్దు పెట్టి, టాటా చెప్పి, వెళ్లి అరుగు మీద కూర్చుంది.

"ఎక్కు బిడ్డా, టైం అయితాంది."

"నేనెందుకు డాడీ?" అన్నది, నాకు తెలివి లేదన్నట్టు చూసి. "బ్యాగు పోతాంది గద. బ్యాగు పోతె నేను పోయినట్టే లెక్కని టీచర్‌కు నువ్వే చెప్పినవ్."

"అట్ల గాదురా తల్లీ..."

"మరి టీచర్‌కు అబద్ధం చెప్పినవా?"

సాయం కోసం మా అమ్మ వైపు చూశాను. "పిల్ల చెప్పేదాంట్ల తప్పేముందిరా? శాస్త్రం గదే," అన్నది. స్రవంతి వైపు చూశాను. ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. బతిమాలాను, బెదిరించాను, చాక్లెట్ చూపించాను. ఎత్తుకోబోతే పెదవి బయటికొచ్చింది. చివరికి ఆ రోజు మా ఇంటి నుంచి బ్యాగొక్కటే బడికి వెళ్లింది. తీసుకెళ్లింది నేనే. లెక్క ప్రకారం పిల్ల వచ్చినట్టేనని ఎంత వాదించినా ఆ మేడం కుందేలుకు హాజరు వేయలేదు!

అందుకని చదువుల తల్లి సాక్షిగా, మా దుకాణంలోని సమస్త గిన్నెలూ గంగాళాలూ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకపై మా ఇంట్లో ఎవరు ఎక్కడికి బయల్దేరినా, అది అష్టమి కానీ, అమావాస్య కానీ, రాహుకాలం నట్టనడుమ కానీ, మనిషీ సామానూ ఒకే స్కూటర్ మీద, ఒకేసారి కదలాలి. అందులోనూ ముందు మనిషి ఎక్కి కూర్చోవాలి. ఆ తర్వాతే కుందేలు.