నాన్న పూడ్చిన చిల్లు

మా నాన్న నలభై ఏళ్లు ఇళ్లకు పైపులు బిగించాడు. "నేను బిగించిన పైపు చుక్క కారదు" అని కనిపించిన ప్రతివాళ్లకూ చెప్పుకునేవాడు. ఎవరింటికైనా చుట్టపుచూపుగా వెళ్తే ముందు సింకు కిందకు తొంగిచూసి, తర్వాత మనుషుల్ని పలకరించేవాడు.

నిరుడు ఒకరి వంటింట్లో ఒక అతుక్కి గమ్ రాయడం మరిచిపోయి వచ్చేశాడు. వాళ్ల అల్మారా అంతా నానిపోయింది. నాకు ఒళ్లు మండింది.

"డెబ్బై దాటాయి నాన్నా. ఇంకొక్క తప్పు జరిగిందా, ఆ సంచి అటక మీదకి పోతుంది" అన్నాను.

పానాలూ, రంపమూ ఉండే సంచి అది. ఆయన దాన్ని తన మంచం కిందకి జరుపుకున్నాడు.

ఇంతలో మా ఆయనకు చేపల పిచ్చి పట్టుకుంది. హాల్లోకి ఆరడుగుల గాజు తొట్టి దిగింది, దాని కింద ఇంకో చిన్న తొట్టి. పైన పొంగిన నీళ్లు ఒక పైపులో కిందకి దిగాలి, మోటారు వాటిని ఇంకో పైపులో మళ్లీ పైకి పంపాలి. పని నాన్నదే. మూడు రోజులు భోజనం కూడా తొట్టి పక్కనే. పొంగు నీళ్లకు ఒక పైపు చాలంటే రెండు పెట్టాడు, ఒకటి పూడుకుపోతే రెండోది ఉంటుందని. చప్పుడైతే నాకు తలనొప్పి అని, పైకొచ్చే పైపు మూతిని నీళ్లలో బాగా లోతుకు దించాడు.

ఆ పైపుకు నీటిమట్టం దగ్గర సన్నటి చిల్లు పెట్టమని చేపల కొట్టాయన చెప్పాడు. కరెంటు పోతే నీళ్లు అదే పైపులో వెనక్కి దిగి, కింది తొట్టి పొంగిపోతుందట. చిల్లు ఉంటే గాలి దూరి నీళ్లు ఆగుతాయట.

"పైపుకి చిల్లా? నా చేత్తోనా?" అన్నాడు నాన్న.

"చిన్నదే మామయ్యగారూ" అని మా ఆయన బతిమాలాక, డ్రిల్లింగ్ మిషను తీసుకుని పళ్లు నూరుకుంటూ పెట్టాడు. మోటారు వేయగానే చిల్లులోంచి సన్నగా నీళ్లు చిమ్మాయి. నాన్నకు ఆ పూట అన్నం సయించలేదు.

వారం తర్వాత నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి కరెంటు లేదు. హాలంతా తడి. నాన్న స్టూలు మీద నిలబడి ఉన్నాడు, కుడిచెయ్యి భుజం దాకా చేపల తొట్టిలో ఉంది.

"ఏంటిది నాన్నా?"

"పైపు మూతి మూసి పట్టుకున్నానే. వదిలితే సగం తొట్టి నేల మీదుంటుంది."

"మరి ఆ చిల్లేమైంది?"

నా మొహంలోకి చూడలేదు. "పూడ్చేశాను. కారుతుంటే చూడలేకపోయాను. మళ్లీ పెడదామంటే మిషనుకి కరెంటేదీ?"

"ఎంతసేపయింది?"

"నాలుగు గంటల వార్తలు సగంలో ఆగిపోయాయి."

ఐదున్నరయింది. గంటకు పైగా అలాగే నిలబడ్డాడు, ఆ అరిగిన మోకాళ్లతో. చేపలు ఆయన మోచేతి చుట్టూ తిరుగుతున్నాయి. తిడదామని నోరు తెరిచిన నాకు ఏడుపొచ్చింది.

"సంచి మంచం కింద ఉంది. అటక మీద పెట్టేయమ్మా" అన్నాడు.

సంచి తెచ్చాను. అందులోంచి ఒక మేకూ, పటకారూ తీసి, పొయ్యి మీద మేకును ఎర్రగా కాల్చాను.

"ఎక్కడ పెట్టను?"

ఆయన నన్నూ, మేకునూ మార్చి మార్చి చూశాడు. "పాతచోటే. కదలకుండా పట్టుకుని నొక్కు."

రెండుసార్లు కాల్చి నొక్కితే గానీ దూరలేదు. పైపు గుటక వేసినట్టు చప్పుడు చేసింది.

"ఇక వదులు నాన్నా."

ఆయన వెంటనే వదల్లేదు. ఒక్కో వేలూ విప్పి, కింది తొట్టి వైపు చూశాడు. నీళ్లు దిగడం లేదు.

"వంకరగా పెట్టావు" అన్నాడు, నానిపోయిన చేతిని నా కొంగుకే తుడుచుకుంటూ.

సంచి ఇప్పటికీ మంచం కిందే ఉంది. చిల్లులోంచి నీళ్లు చిమ్ముతూనే ఉన్నాయి. ఇంటికి ఎవరొచ్చినా నాన్న తొట్టి దగ్గరకు తీసుకెళ్లి దాన్నే చూపిస్తాడు.

"మా అమ్మాయి పెట్టింది" అంటాడు.