సిగ చుట్టిన నీడ

నా చిన్నప్పుడు బరంపురంలో కాస్త కలిగినవాళ్ళ శుభలేఖల మీద వధూవరుల నీడబొమ్మలు వేసేవారు. కన్నూ పెదవీ ఏమీ కనిపించవు. పక్కనుంచి చూసిన ముఖం మాత్రం నల్లగా అచ్చయి ఉంటుంది. మా చిన్నత్త పెళ్ళికి మగపెళ్ళివారు అలాంటి శుభలేఖే కావాలన్నారు. నల్ల కాగితం కత్తిరించి ఇస్తే అచ్చాఫీసువాళ్ళు దాన్ని చూసి బ్లాకు చేస్తారు. బట్టలకొట్టు నడిపే మా తాతయ్య, కత్తెర తన చేతిలో ఉండగా ఇంకొకరెందుకని ఆ పని తానే పెట్టుకున్నాడు.

చిన్నత్తకు ఆ సంబరమేమీ లేదు. మా ఇంట్లో పసుపు పెట్టిన మొదటి శుభలేఖ దేవుడి దగ్గర, రెండోది పోయిన పెద్దల పటం దగ్గర పెడతారు. చిన్నత్తను కని నెల తిరక్కుండానే పోయిన మా నాయనమ్మకు పటమే లేదు. ఆవిడ ఎప్పుడూ ఫోటో తీయించుకోలేదట. మా నాన్నకు కూడా తల్లి చీర రంగే గుర్తుంది, ముఖం గుర్తులేదు. అమ్మ ఎలా ఉండేదని చిన్నత్త ఎన్నిసార్లు అడిగినా తాతయ్య "బాగుండీది" అనేసి కొట్టుకు వెళ్ళిపోయేవాడు. నాకు ఆయన మీద ఒళ్ళు మండేది.

ఒక సాయంత్రం పడమటి కిటికీ ఎండలో చిన్నత్తను కూర్చోబెట్టాడు. గోడకు తెల్ల కాగితం అంటించి, నుదుటి నుంచి గొంతుదాకా నీడ అంచు గీశాడు. బొమ్మలో జుట్టు మాత్రం గీత లేకుండా చేతి అంచనాతో కత్తిరిస్తానన్నాడు. గీసిన కాగితాన్ని నల్ల కాగితం మీద పెట్టి, తల ఎత్తకుండా కత్తిరించాడు. తప్పు దొరికింది కదా అని నేను ఎగిరి గంతేశాను.

"తాతా, అత్తకి జడ కదేటి. సిగెట్టీసినావు."

తాతయ్య బొమ్మను చూసుకున్నాడు.

"మీ అమ్మేనే తల్లీ," అన్నాడు చిన్నత్తతో. "ముక్కూ గెడ్డం అన్నీ దానివే. సిగ ఇలాగే మెడ మీదికి జార్చి సుట్టీది. నోటితో సెప్పడం నాకు సేతకానేదు."

చిన్నత్త జడను చుట్టి మెడ మీద ముడి వేసుకుని, మళ్ళీ ఎండలో కూర్చుంది. తాతయ్య బొమ్మను గోడ మీద ఆమె నీడ పక్కన పట్టుకున్నాడు. రెండూ ఒక్కటే. ఇన్నేళ్ళూ ఆ ముఖం మా ఇంట్లోనే తిరుగుతోంది, మాకు అన్నం వడ్డిస్తోంది, నాకు జడలు వేస్తోంది.

శుభలేఖకు తాతయ్య జడతో ఇంకో బొమ్మ కత్తిరించాడు. సిగ బొమ్మకు అద్దం కట్టించాడు. రెండో శుభలేఖ చిన్నత్త తన చేత్తోనే దాని ముందు పెట్టింది.

నోరు విప్పని మనిషి మరిచిపోయాడనుకోవడం ఆ రోజుతో మానేశాను. ఇప్పుడు బరంపురం శివారు అంకులిలో మా ఇంటి కిటికీ దగ్గర మనవరాలు ఫోను చూసుకుంటూ కూర్చుంటే నేను గోడకేసి చూస్తుంటాను. "గోడ మీద ఏటుంది మామ్మా?" అంటుంది. ఒక్కసారి జుట్టు ముడేసుకోమంటాను. విసుక్కుంటూనే వేసుకుంటుంది. నేనెన్నడూ చూడని మా నాయనమ్మ గోడ మీదికి వస్తుంది.