అత్తమ్మ కళ్లు, నా మెంతి గోలీలు

ఆ రోజుల్లో అచ్చులో ఉన్నదల్లా నాకు సత్యమే. బడి ముఖం చూసినదాన్ని కాదు. కొత్తవాడలో మా మేనత్త జంపఖానాలు నేస్తుంటే, ఆమె మగ్గం పక్కన కూర్చొని, బైబిలు మీద వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదువు నేర్చుకున్నాను. మొదట చదివిన పుస్తకం అదే కావడంతో, తర్వాత కంటబడిన సబ్బు కాగితాన్నీ, బస్సు టికెట్టు వెనక రాతనూ కూడా అంతే భక్తితో నమ్మేదాన్ని. (అక్షరాలు నేర్పిన అత్తమ్మకు, అక్షరాలను అనుమానించడం నేర్పే తీరిక దొరకలేదు పాపం.) అట్లాంటి నాకు ఇరవై ఏళ్లప్పుడు హనుమకొండలో మూలికల గోలీలు అమ్మే ఒక దుకాణంలో పని దొరికింది. అక్కడ సీసా సీసాకూ ఒక రంగుల కాగితం. ఇక నా విశ్వాసానికి హద్దేముంటుంది?

అప్పటికే అత్తమ్మకు షుగరు, కొలెస్టరాలు రెండూ ఉన్నాయి. వాటికి తోడు కళ్లకు పొర వచ్చింది. ఆకుపచ్చ నూలేదో నీలం నూలేదో తెలియక, పక్కింటామెను పిలిచి అడిగి మరీ నేసేది. "షుగరు దిగితేనే కంటి ఆపరేషన్. గోలీలు సరిగ్గా వేసుకొని నెల తర్వాత రండి," అన్నది దవాఖానలో డాక్టరమ్మ. నెల రోజులు! నాకు పౌరుషం వచ్చింది. షుగరుకు మెంతులు, కాకర, దాల్చినచెక్క కలిపిన గోలీలు, కొలెస్టరాలుకు అవిసె నూనె గోలీలు తెచ్చి అత్తమ్మ ముందు పెట్టి, 'ఇక ఏ మందూ అక్కర్లేదు' అన్న కాగితాన్ని కీర్తన చదివినట్టు రాగం తీసి చదివాను.

"మరి డాక్టరమ్మ ఇచ్చిన గోలీలో, బిడ్డా?"

"అవెందుకత్తా? గీడ సక్కగ రాసున్నది గదా, చూడు."

"సూడనీకి నాకు కండ్లు యాడున్నయే! నీ కండ్లే నా కండ్లు. నువ్వు సదివినవంటే సదివినట్టే."

ఆ మాటకు ఎంత పొంగిపోయానంటే, ఆ సాయంత్రమే మా సంఘం పాస్టరు అయ్యగారి దగ్గరకు పోయి, వచ్చే నెల మొదటి ఆదివారం మందిరంలో దేవుడు చేసిన మేలుకు సాక్ష్యం చెప్పేవాళ్లలో నా పేరు రాయించుకున్నాను. (స్వస్థత ఇంకా జరగలేదు. అయినా ఆలస్యం చేస్తే వరుసలో వెనకబడతామని.)

నెల తిరిగింది. రక్తపరీక్ష కాగితం చూసి డాక్టరమ్మ కళ్లజోడు తీసేసింది. "రెండూ పోటీలు పడి ఎక్కినయ్. గోలీలు వేసుకుంటలేవా, పెద్దమ్మా?"

అత్తమ్మ తడుముకోలేదు. "మతిమరుపు మేడమ్. ముసలిదాన్నైన. మర్చిపోయిన."

అబద్ధమాడితే నాలుక మీద కారం పెడతానని నన్ను పెంచిన మనిషి! ఆ నాలుకతోనే నన్ను కాపాడుతుంటే తట్టుకోలేక ఏడ్చేశాను. సంచిలోంచి సీసాలు తీసి బల్ల మీద పెట్టాను. "అత్తమ్మ మర్చిపోలే మేడమ్. నేనే మాన్పించిన. కాగితంల రాసున్నదని."

డాక్టరమ్మ తిట్టలేదు. సీసా తిప్పి అడుగున ఆవగింజలంత అక్షరాల మీద వేలు పెట్టింది. "చదువు." కూడబలుక్కున్నాను: 'ఇది మందు కాదు. ఏ జబ్బునూ నయం చేయదు.'

"అచ్చుల ఉన్నది నమ్ముతవు గదా, ఇది గూడ అచ్చే," అన్నది మెల్లగా. "మెంతులు మంచియే తల్లీ. కొందరికి షుగరు జర దిగుతది గూడ. కాని మందుకు తోడుగ, నాకు చెప్పి. మందు జాగల కాదు." ఆపరేషన్ ఇంకో నెల వెనక్కి పోయింది.

ఆదివారం రానే వచ్చింది. అయ్యగారు నా పేరు పిలిచారు. లేచి నిలబడ్డాను గానీ చెప్పడానికి స్వస్థత ఏదీ? "మా అత్తమ్మకు మందులు మాన్పించిన. ఆమె కండ్లు ఇంకో నెల చీకట్ల ఉంటయ్. నా కోసం ప్రార్థన చెయ్యుండ్రి," అన్నాను. అప్పుడు ఆడవాళ్ల వైపు నుంచి అత్తమ్మ గొంతు: "అయ్యగారూ, పోరి సగమే చెప్పింది! ఆ గోలీలతోని నాకు ఏండ్ల సంది ఉన్న మలబద్ధకం పోయింది. గది గూడ సాక్ష్యంల రాసుకోండ్రి!"

మందిరం గొల్లుమంది. అయ్యగారు బైబిలు ముఖానికి అడ్డం పెట్టుకున్నారు, భుజాలు మాత్రం ఊగుతున్నాయి.

ఆ నెలంతా డాక్టరమ్మ గోలీలు నా చేత్తోనే వేశాను. షుగరు దిగింది, ఆపరేషన్ అయింది. కట్టు విప్పించుకొని ఇంటికొచ్చాక అత్తమ్మ మొదట చూసింది మగ్గాన్నే. ఆపరేషన్ ఆగిన ఆ నెలలో, పక్కింటామె ఊరెళ్లిన రోజున నేసినచోట, వరసగా ఉన్న ఆకుపచ్చ చారల నడుమ ఒక నీలం చార పడి ఉంది. విప్పేస్తానని కూర్చోబోయాను. "ఉండనియ్యే కోడలా. అది నీ నెల. ఈ జంపఖానా నీకే ఇస్త," అన్నది నవ్వుతూ.

అత్తమ్మ ఇప్పుడు ప్రభువు దగ్గర ఉంది. నాకూ షుగరు వచ్చింది. మొన్న మా అన్న కూతురు ఒక సీసా తెచ్చి, ఫోనులో చూసి దాని మహిమలన్నీ చదువుతుంటే, "అడుగున చిన్న అక్షరాలు చదువు బిడ్డా, రేపు డాక్టరుకు చూపిద్దాం," అన్నాను. పొద్దున్నే ఆ జంపఖానా మీద మోకరించి స్తోత్రాలు చెప్పుకుంటాను. మొదట అత్తమ్మ కోసం, తర్వాత ఆ డాక్టరమ్మ కోసం. చివరగా, జరగని స్వస్థతకు ముందే పేరు రాయించుకున్న ఆ ఇరవై ఏళ్ల పిల్లను క్షమించమని అడగబోతాను. నీలం చార కంటబడుతుంది. నవ్వొచ్చి, ప్రార్థన మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాల్సి వస్తుంది.